ప్లేట్లు ఊడని ఎలక్ట్రిక్ గ్రిల్: అతుక్కోవడం, పొగ, పోని నలుపు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మూత మూసి రెండు వైపులా ఒకేసారి కాల్చే ఎలక్ట్రిక్ గ్రిల్ కొని నెల అయింది. ప్లేట్లు ఊడిరాని రకం. మొదటి వారం అద్దంలా ఉంది. ఇప్పుడు చికెన్ అతుక్కుపోతోంది, వేడెక్కగానే పొగ లేస్తోంది, గాట్లలో గట్టిపడిన "తారులాంటి నలుపు" ఎంత తుడిచినా పోవడం లేదు. స్టీల్ పీచుతో తోమాలా, పంపు కింద పెట్టి కడగాలా, లేక కొన్న వస్తువే నాసిరకమా అని అడిగారు.

స్టీల్ పీచు వద్దు. పంపు కింద పెట్టడం అసలే వద్దు. వస్తువు మంచిదే అయ్యుంటుంది. వంట అయ్యాక ప్లగ్ తీసేసి, ప్లేట్లు ఇంకా వెచ్చగా ఉండగానే తడి నూలు గుడ్డ పరిచి, మూత మూసి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత తుడిస్తే ఆ రోజు జిడ్డు దాదాపు అంతా వచ్చేస్తుంది. ఇప్పటికే పేరుకుపోయినదానికి వంటసోడా ముద్ద, కొంచెం ఓపిక కావాలి. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే, ప్లేటు మీద రోజూ కొద్దికొద్దిగా మిగిలిపోతున్న నూనె.

నేను చాలా ఏళ్లు మిక్సీలు, టోస్టర్లు, ఇలాంటి గ్రిల్లులు రిపేరు చేశాను. ఇంట్లో వారానికి మూడు నాలుగు సార్లు గ్రిల్ పెడతాను. నా బల్ల మీదికి వచ్చిన గ్రిల్లుల్లో కాయిల్ దానంతటదే కాలిపోయినవి తక్కువ. శుభ్రం చేయబోయి పాడుచేసినవే ఎక్కువ. అందుకే ముందు శుభ్రం సంగతి చెప్పి, తర్వాత వాడకం దగ్గరికి వస్తాను.

నూనె పలచగా పరుచుకుని మళ్లీ మళ్లీ వేడెక్కితే దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారిపోతాయి. మొదట లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆఖరికి నలుపు. చల్లారాక వేలితో రాస్తే కాస్త జిగురుగా తగులుతుంది. ఇనుప పెనం మీద ఇదే పొర మనకు మేలు చేస్తుంది, పెనం పాతబడేకొద్దీ అట్టు బాగా లేస్తుందంటే కారణం అదే. నాన్‌స్టిక్ మీద మాత్రం అది పూతను కప్పేస్తుంది. అంటే మీ చికెన్ నాన్‌స్టిక్ పూతకు అతుక్కోవడం లేదు, పూత మీద ఉన్న పాత నూనెకు అతుక్కుంటోంది. వేడెక్కగానే లేచే పొగ కూడా దానిదే. ఖాళీ గ్రిల్ ఆన్ చేసినా పొగ వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

డబ్బాలో వచ్చే కుకింగ్ స్ప్రే వాడుతున్నారా? వాడుతుంటే ఈరోజే మానేయండి. చాలా స్ప్రేలలో నూనెతోపాటు లెసిథిన్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. వేడికి అది జిగురులా పట్టేసి, మామూలు సబ్బుకు లొంగదు. నాన్‌స్టిక్ తొందరగా చచ్చిపోయిందని తెచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఈ ప్రశ్నే.

ఇక రోజువారీ పని. వంట అయిపోయింది, చివరి ముక్క తీశారు. ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ బయటికి రావాలి. మూత తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఆగి, ఒక్క నీటి చుక్క ప్లేటు మీద వేసి చూడండి. చుక్క పూసలా గుండ్రంగా అయి అటూ ఇటూ పరుగెత్తితే ప్లేటు ఇంకా 200 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు, మళ్లీ ఆగండి. చుయ్యిమని చిందినా ఆగాల్సిందే. చుక్క ఉన్నచోటే ఉండి నెమ్మదిగా ఇగిరిపోతే అదే అదను. గుడ్డను వేడినీళ్లలో తడిపి, నీళ్లు కారకుండా పిండి, నాలుగు మడతలు వేసి పట్టకారుతో కింది ప్లేటు మీద పరిచి మూత దించండి. మూత అంచుల్లోంచి ఆవిరి వస్తుంది, చేయి దూరంగా పెట్టుకోండి. గుడ్డ నూలుదే కావాలి. మైక్రోఫైబర్, సింథటిక్ గుడ్డలు వేడికి కరిగి అంటుకుంటే ఇంకో తలనొప్పి.

పది నిమిషాల తర్వాత మూత తెరిస్తే గుడ్డ మీద గాట్ల గీతలు గోధుమరంగులో అచ్చు పడి ఉంటాయి. అది చూసినప్పుడు ఎంత జిడ్డు వచ్చిందో కళ్లకు కడుతుంది. అదే గుడ్డతో గాట్ల పొడుగునా తుడవండి, అడ్డంగా కాదు. అడ్డంగా తుడిస్తే ఎత్తు గీతల మీద మాత్రమే తగిలి, మడ్డి అంతా లోపల ఉండిపోతుంది. రెండో గుడ్డ మీద ఒక్క చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి ఇంకోసారి, మూడోసారి ఉత్త తడి గుడ్డ, చివర పొడి గుడ్డ. మొత్తం మూడు నాలుగు నిమిషాల పని. రేపు చూద్దాంలే అని వదిలేస్తే మాత్రం అరగంట పడుతుంది.

తొందరపడి వేడి ప్లేటు మీద చన్నీళ్లు పోయకండి. ఆ తప్పు నేనే చేశాను. ఒకరోజు చుట్టాలు వచ్చి కూర్చున్నారు, రెండో వాయి తొందరగా పెట్టాలని మసులుతున్న ప్లేటు మీద గ్లాసెడు చన్నీళ్లు పోశాను. ఠక్‌మని చప్పుడైంది. పైకి ఏమీ కనపడలేదు గానీ ఆ రోజు నుంచి కింది ప్లేటు మధ్యలో పిసరంత లేచి ఉండేది. మధ్యలో పెట్టిన ముక్క మాడేది, అంచుల్లో పెట్టినది పచ్చిగా ఉండేది. వంగిన ప్లేటును సరిచేయడం కుదరదు, రిపేరు తెలిసినవాడినైనా నేనూ ఏమీ చేయలేకపోయాను. వాయికీ వాయికీ మధ్య శుభ్రం చేయాలంటే పేపర్ టవల్‌ను మడిచి, పట్టకారుతో పట్టుకుని పొడిగానే తుడిస్తే చాలు.

ఇప్పుడు మీ దగ్గర గట్టిపడిపోయిన నలుపు సంగతి. గ్రిల్ పూర్తిగా చల్లారాలి, ప్లగ్ తీసి ఉండాలి. మూడు చెంచాల వంటసోడాకు ఒక చెంచా నీళ్లు కలిపితే పళ్లపేస్టులా చిక్కటి ముద్ద వస్తుంది. జారేంత పలచగా కలిపితే నీరు బందుల వైపు పోతుంది, జాగ్రత్త. ముద్దను వేలితో గాట్లలో నింపండి. పైన తడి గుడ్డ పరిచి అరగంట వదిలేయండి, లేకపోతే ఎండిపోయి సున్నంలా పొడిపొడిగా అవుతుంది. సోడాకున్న క్షారగుణం పాత నూనెను మెత్తబరుస్తుంది, దాని సన్నటి గరుకు పూతను గీరకుండా రుద్దుతుంది. తర్వాత మెత్తటి నైలాన్ బ్రష్‌తోనో, వాడి పడేసే పళ్లబ్రష్‌తోనో గాట్ల పొడుగునా రుద్దండి. గాటు అడుగుకు బ్రష్ అందకపోతే చెక్క పుల్ల చివర గుడ్డ చుట్టి లాగండి. చాకు మొన, స్క్రూడ్రైవర్ జోలికి పోకండి.

తెల్లటి సోడా అంతా పోయేదాకా నాలుగైదు సార్లు తడి గుడ్డతో తుడవాలి, ఇక్కడ మాత్రం బద్ధకించకండి. తుడిచేటప్పుడు గ్రిల్ ముందువైపు కాస్త కిందికి వంచి పెడితే తడి అంతా జిడ్డు ట్రేలోకి జారుతుంది, వెనక వైర్ల వైపు పోదు. నెల రోజుల పొర ఒక్కసారికే పోకపోవచ్చు. రెండోసారి మర్నాడు చేయండి. ఒక్క పూటలోనే తేల్చేయాలని గట్టిగా రుద్దినవాళ్లే పూత లేపేసుకున్నారు.

వంటసోడా, వెనిగర్ రెండూ కలిపి పోయమని చాలామంది చెప్తారు. నురగ పొంగుతుంది కాబట్టి ఏదో పని జరిగిపోతోందనిపిస్తుంది. నిజానికి ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి. మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటిది. జిడ్డుకు సోడా ఒక్కటే చాలు. ఒవెన్ క్లీనర్ అయితే ఇంకా ప్రమాదం. చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. ప్లేటు లోపల సాధారణంగా ఉండేది అల్యూమినియమే.

మీ ప్లేట్లకు నాన్‌స్టిక్ పూత లేకుండా ఉత్త అల్యూమినియం అయితే వంటసోడా కూడా వద్దు, నల్లబడుతుంది. వేడినీళ్లు, సబ్బు, ఓపిక, అంతే. ముదురు బూడిద రంగులోనో నల్లగానో నున్నగా ఉంటే సాధారణంగా పూత ఉన్నట్టే.

పంపు కింద ఎందుకు పెట్టకూడదో ఒక ఉదాహరణ చెప్తాను. ఒకావిడ గ్రిల్ తెచ్చారు. ఆన్ చేయగానే ఇంటి మెయిన్ పడిపోతోంది. కడిగారా అంటే, "లోపల తడవలేదండీ, ప్లేట్ల మీద మాత్రమే పోశాను, రెండు రోజులు ఎండలో కూడా పెట్టాను" అన్నారు. విప్పి చూస్తే వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పక్కనున్న ఇత్తడి టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము, కింది కవర్ మూలన జిడ్డుతో కలిసి గడ్డకట్టిన తడి. ప్లేటుకూ బాడీకీ మధ్య ఉన్న సందులోంచి నీళ్లు దిగుతాయి గానీ తిరిగి వచ్చే దారి ఉండదు. ఎండ ఆ లోపలికి చేరదు. ఆ మెయిన్ పడిపోవడం ఆవిడ అదృష్టం, పడకపోయి ఉంటే గ్రిల్ బాడీకి కరెంటు వచ్చేది.

శుభ్రం సంగతి ఇంతే. మురికి తక్కువ పడేలా వాడటం అంతకంటే ముఖ్యం, ఎందుకంటే అతుక్కోని ముక్క వెనక ఏమీ మిగల్చదు.

ముక్కను పొడిగా తుడవండి. మాంసమైనా, చేపైనా, మష్రూమ్ అయినా పేపర్ టవల్‌తో రెండు వైపులా ఒత్తి తడి తీసేయండి. ముక్క పైన నీరు ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రగా వేగి రుచి రావాలంటే సుమారు 140 దాటాలి. తడి ముక్క ముందు ఉడుకుతుంది, ఆ ఉడికే సమయంలోనే అందులోని ప్రొటీన్ ప్లేటును పట్టేసుకుంటుంది.

గ్రిల్ పూర్తిగా వేడెక్కాకే ముక్క పెట్టండి, మూత మూసి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. లైటు వెలగడం, ఆరడం చూసి చాలామంది కంగారు పడతారు. "మధ్యమధ్యలో ఆగిపోతోంది, చెడిపోయింది" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో సగానికి నేను చేసిన రిపేరు ఏమీ లేదు. థర్మోస్టాట్ వేడి సరిపోయాక కరెంటు ఆపుతుంది, తగ్గగానే మళ్లీ ఇస్తుంది. వంట జరుగుతున్నంతసేపూ ఆ లైటు అలా ఆరి వెలుగుతూనే ఉండాలి.

నూనె ప్లేటుకు కాకుండా ముక్కకు రాయండి. అర చెంచా నూనె చేత్తో ముక్కంతా పట్టిస్తే చాలు, ముక్క లేనిచోట ప్లేటు మీద నూనె ఊరికే మాడిపోదు. వెన్న 175 డిగ్రీల దగ్గరే పొగలేస్తుంది కాబట్టి గ్రిల్ మీద వద్దు, కావాలంటే దించాక పైన వేసుకోండి. శుద్ధి చేసిన పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలు 220 దాటినా తట్టుకుంటాయి.

పెట్టిన వెంటనే లేపి చూడాలనిపిస్తుంది, చూడకండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏ మాంసమైనా కాస్త పట్టుకుంటుంది. పైపొర వేగాక దానంతటదే వదిలేస్తుంది. మూత ఎత్తినప్పుడు ముక్క పై ప్లేటుతో పాటు లేచి వేలాడిందంటే ఇంకో నిమిషం కావాలని అర్థం. పీకితే సగం ప్లేటుకే ఉండిపోతుంది. మూతను బలంగా నొక్కడం కూడా మానేయండి. చుయ్యిమనే శబ్దం వినసొంపుగా ఉంటుంది, నిజమే, కానీ అది ముక్కలోని రసం ప్లేటు మీద మాడుతున్న శబ్దం. ముక్క ఎండిపోతుంది, ప్లేటు పాడవుతుంది.

ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. ఇది పైకి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఒకటి లావుగా ఉంటే మూత దాని మీదే ఆగిపోతుంది, పక్కవాటికి పై ప్లేటు తగలదు. చికెన్ బ్రెస్ట్‌ను మధ్యలో చీల్చి 2 సెంటీమీటర్ల లోపుకు తెచ్చుకుంటే నా గ్రిల్ మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. మీ దాని మీద టైము వేరుగా ఉండొచ్చు, కాబట్టి గడియారం కంటే థర్మామీటర్‌ను నమ్మండి. ముక్కలో అన్నిటికంటే మందమైన చోట గుచ్చితే చికెన్‌కు 74 డిగ్రీలు రావాలి, మటన్ కైమాతో చేసినవాటికి 71, చేపకు 63. గడ్డకట్టిన మాంసం ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెట్టకండి. పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, కరిగే నీరు గ్రిల్ వేడినంతా తాగేస్తుంది.

తేనె, చక్కెర, తియ్యటి సాస్ ఉన్న మసాలా పట్టించి పెడుతున్నారా? మీరు రాసిన "తారులాంటి నలుపు" అన్న మాట చదవగానే నాకు తట్టింది అదే. చక్కెర 160 డిగ్రీల దగ్గర ఎర్రబడటం మొదలుపెడుతుంది, గ్రిల్ ప్లేటు అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. ఐదు నిమిషాల్లో బొగ్గే. తీపిని చివరి నిమిషంలో బ్రష్‌తో రాయండి, లేదా దించాక రాయండి. ఉప్పు, కారం, నిమ్మరసం ముందే పట్టించినా ఇబ్బంది లేదు, పెట్టేముందు పైతడి తుడిస్తే చాలు.

కూరగాయల్లో వంకాయ చక్రాలు, క్యాప్సికం, ఉల్లి బాగా వస్తాయి. టమాటా నీళ్లు వదిలి ప్లేటంతా చిత్తడి చేస్తుంది, నేను పెట్టను. చీజ్ బయటికి కారేలా ఉంటే అంచుల నుంచి వేలెడు లోపలికి పెట్టుకోండి.

జిడ్డు ట్రే వంటకు ముందే పెట్టారో లేదో చూసుకోండి. ట్రే మర్చిపోయి టేబుల్‌క్లాత్ మొత్తం నూనె చేసిన ఘనత మా ఇంట్లో నాదే. అందులో చేరిన కొవ్వును సింక్‌లో పారబోయకండి, పైపులో గడ్డకడుతుంది. చల్లారాక పేపర్‌తో తీసి చెత్తబుట్టలో వేయండి.

పూత గురించి ఒక్క జాగ్రత్త. చాలా గ్రిల్లులకు ఉండేది పీటీఎఫ్ఈ పూత, టెఫ్లాన్ అనే పేరుతో తెలిసినదే. మామూలు వంట వేడికి అది ఏమీ కాదు. 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలై, ఇంకా పెరిగితే మంచిది కాని పొగలు వదులుతుంది. గ్రిల్ థర్మోస్టాట్ సాధారణంగా అంతవరకు పోనివ్వదు. అయినా ఖాళీగా ఎక్కువసేపు ఫుల్ మీద వదిలేయకండి. ఇంట్లో పంజరంలో పక్షులుంటే గ్రిల్‌ను వాటికి దూరంగా, వేరే గదిలో పెట్టండి. ఆ పొగలు మనుషుల కంటే పక్షులకు చాలా ప్రమాదం, ప్రాణం పోతుంది. పూత ఎక్కడైనా చిన్న రేకు లేచి నోట్లోకి పోయిందనుకోండి, టెన్షన్ పడొద్దు, అది అరగకుండానే బయటికి పోతుంది. పూత లేచినచోట మాత్రం ఇక అతుక్కుంటూనే ఉంటుంది. చెక్క లేదా సిలికాన్ అట్లకాడ వాడితే అంతదాకా రాదు.

ప్లేట్లు ఊడే గ్రిల్ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. డిష్‌వాషర్‌లో వేయొచ్చని రాసి ఉన్నా నేను చేత్తోనే కడుగుతాను. పూత లేని వెనకవైపు ఆ ఘాటైన డిటర్జెంట్‌కు బూడిదరంగు తిరిగి, ముట్టుకుంటే చేతికి అంటుతుంది. తిరిగి బిగించే ముందు వెనకవైపు, క్లిప్పుల దగ్గర తడి లేకుండా తుడవండి. అక్కడి చుక్క నేరుగా కాయిల్ మీద పడుతుంది.

కరెంటు సంగతి టూకీగా చెప్తాను. 1500 వాట్ల గ్రిల్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 120 వోల్టుల దేశాల్లో పన్నెండున్నర. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద, అందులోనూ కెటిల్‌తో కలిపి పెట్టకండి. నేరుగా గోడ సాకెట్‌కు పెట్టండి. వాడుతుండగా ప్లగ్ ముట్టుకుంటే చేయి కాలేంత వేడిగా ఉన్నా, బాడీ ముట్టుకుంటే జిల్లుమన్నా వెంటనే ఆపేసి చూపించండి.

శుభ్రం చేశాక మూతను తడిమీద బిగించి లాక్ చేయకండి. పూర్తిగా ఆరాక రెండు ప్లేట్ల మధ్య ఒక పేపర్ టవల్ పెట్టి మూయండి. వేడి గ్రిల్ చుట్టూ వైరు చుట్టొద్దు, పైతొడుగు మెత్తబడి పగులుతుంది.

సోడా ముద్ద రెండుసార్లు పెట్టాక కూడా గాట్లలో నలుపు కనిపిస్తే వేలితో రాసి చూడండి. నున్నగా జారితే అది ఉత్త మరక, వంటకు అడ్డం రాదు, వదిలేయండి. గరుకుగానో జిగురుగానో తగిలితే ఇంకా పొర ఉన్నట్టు, మూడోసారి పెట్టండి. అప్పటికీ పోకపోతే ప్లేటు ఫోటో దగ్గరగా తీసి పెట్టండి, అది నూనెపొరో లేక పూత లేచిందో చూసి చెప్తాను.